సీమ వ్యానుకి టైమింగు పెట్టిన సంగతి

ఆ రోజుల్లో దివిసీమలో మాకు రోడ్డంటే కాలవ గట్టే. ఎండాకాలంలో దాని మీద దుమ్ము, వానాకాలంలో రేగడి బురద, మధ్యలో ఓ రెండు నెలలు మాత్రం మనుషులు నడిచే దారిలా ఉండేది. ఆ గట్టు మీద పెట్రోలు బండిలో కూర్చుని పల్లెలు తిరిగే సర్కారు ఉద్యోగం నాకు ఇరవై మూడో ఏట వచ్చింది. మా చుట్టాల్లో సగంమంది గర్వపడ్డారు, మిగతా సగంమంది మా అమ్మని ఓదార్చడానికి వచ్చి కాఫీ తాగి వెళ్ళారు. నేను హెల్త్ విజిటర్ని. డాక్టరుకి కింద, మంత్రసానికి పైన అన్నమాట (అని నేననుకునేదాన్ని, మంత్రసానులు అలా అనుకునేవారు కారు). అవనిగడ్డకి దక్షిణంగా ఒక చిన్న ఊళ్ళో మా ఆరోగ్య కేంద్రం. ఊరి పేరు చెప్పను. నాకు 'మోటారు చుట్ట నర్సమ్మ' అని పేరు పెట్టిన ఊరది, ఆ పేరు గుర్తున్నవాళ్ళు ఒకరిద్దరైనా ఇంకా బతికుండొచ్చు. డాక్టరుగారి పోస్టు ఖాళీ. అందుచేత ఆ రెండు గదుల పెంకుటింటికీ, ఒక ఆయమ్మకీ, ఒక డ్రైవరుకీ, ఒక వ్యానుకీ నేనే అధికారిని. అంత చిన్న వయసులో అంత అధికారం చేతికిస్తే ఏమవుతుందో అదే అయింది.

ఆ వ్యాను సీమలో, అంటే ఇంగ్లండులో, పుట్టింది. యుద్ధం తర్వాత ఎన్ని చేతులు మారి మా దాకా వచ్చిందో తెలీదు. బూడిదరంగు ఒళ్ళు, ముందు రెండు సీట్లు, వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. స్టార్టరు ఎప్పుడో చచ్చిపోయింది, ముందు నుంచి ఇనప హ్యాండిలు పెట్టి తిప్పితేనే ఇంజను లేచేది. అందరూ దాన్ని సీమ వ్యాను అనేవారు, దాన్ని నడిపే మనిషిని మిలిటరీ బాబాయి అనేవారు. గూడూరు వైపు మనిషి, యాభై దాటాయి. యుద్ధంలో బర్మా సరిహద్దు దాకా లారీలు తోలి వచ్చారట. ఇస్త్రీ నలగని ఖాకీ, మెలితిప్పిన మీసం, తక్కువ మాట. తక్కువంటే దాదాపు ఒక్కటే మాట. నేనేం చెప్పినా "అలాగేనండి" అనేవారు. అని, తనకి తోచింది చేసేవారు. "బాబాయిగారూ, ఇవాళ కోడూరు వెళ్దాం" అంటే "అలాగేనండి" అని నాగాయలంక తీసుకెళ్ళేవారు. "ఇక్కడాపండి, బాలింతని చూడాలి" అంటే "అలాగేనండి" అని రెండు ఫర్లాంగులు పోయి ఆపేవారు. నేను చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఆ బురదలో వెనక్కి నడిచేదాన్ని, నడిచినంతసేపూ కోపం పెంచుకునేదాన్ని. ఆయమ్మ ఆ కోపం చల్లారకుండా చూసేది. "మగాడండి, అందులో మిలిటరీ. ఆడవాళ్ళ మాట ఖాతరు చెయ్యడండి" అనేది. నాకూ అంతే అనిపించింది. మగవాళ్ళు చెప్పినప్పుడు ఆయనేం చేస్తున్నారో ఒక్కసారైనా గమనించి ఉంటే ఇంత కథ నడిచేది కాదు. గమనించలేదు.

ఎనిమిది నెలలు ఇలా గడిచాక వ్యానుకి జబ్బు చేసింది. మొదట మందగించింది. తిన్నగా ఉన్న దారిలో కూడా, భోజనం ఎక్కువై నడవలేని మనిషిలా ఈడుస్తూ పోయేది. కొన్నాళ్ళకి ఈడవడం కాస్త తగ్గింది గానీ కొత్తగా ఒక చప్పుడు మొదలైంది. పొలం దారి నుంచి గట్టు ఎక్కేటప్పుడు ఇంజనులోంచి, సత్తు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు గలగలమని. ఆ వెనకే రేడియేటరు మరిగి పొగలు కక్కేది. మేం గట్టు మీద కూర్చుని అది చల్లారేదాకా కాలవలో బాతుల్ని లెక్కపెట్టేవాళ్ళం, పెట్టెలో టీకాల మందు చుట్టూ ఉన్న ఐసు కరిగి చీర మీద కారేది. పాలకాయతిప్ప పక్కనున్న బెస్తపల్లెకి వరసగా మూడు వారాలు చేరలేకపోయాం. కాళ్ళు వాచిన చూలాలు ఒకామె అక్కడ మా కోసం పొద్దుటినుంచీ ఎండలో కూర్చుని, కూర్చుని, ఇంటికెళ్ళిపోయిందని కబురొచ్చింది. ఆ కబురు విని నాకు అన్నం సయించలేదు. "బాబాయిగారూ, ఆ చప్పుడేమిటండీ?" అని నిలదీశాను. ఆయన నా మొహంలోకి చూసి, "చప్పుడేం లేదమ్మా. బండి బంగారం" అన్నారు.

అంత పచ్చి అబద్ధం నా ఎదురుగా ఎవరూ ఆడలేదు. ఆ మధ్యాహ్నమే బందరులో ఉన్న పై ఆఫీసుకి ఉత్తరం రాశాను. డ్రైవరు మాట వినడు, బండిని పాడు చేశాడు, అడిగితే అబద్ధం చెబుతాడు, తగు చర్య తీసుకోవాలి అని. ఇంగ్లీషులో రాశాను. 'ఇన్‌సబార్డినేషన్' అన్న మాట స్పెల్లింగు నిఘంటువులో చూసి మరీ రాశాను, కింద గీత కూడా గీశాను. కవరు అంటించి టపాలో వేయమని పంపించేశాక ఒళ్ళు తేలికపడింది.

ఒళ్ళు తేలికపడింది గానీ వ్యాను గట్టెక్కదు కదా. పై ఆఫీసు సంగతి తేలేదాకా ఆ చూలాలు ఆగదు. ఇంక ఈయనతో పని లేదు, ఆ చప్పుడు సంగతేదో నేనే చూస్తానని పంతం పట్టాను. వంటింట్లో ప్రైమస్ స్టవ్వు తప్ప మరే యంత్రాన్నీ విప్పిన చెయ్యి కాదు నాది. (ఆ స్టవ్వు కూడా మళ్ళీ బిగించింది మా నాన్న.) ఆదివారం బస్సెక్కి బందరులో మా చిన్నమావయ్య దగ్గరికి వెళ్ళాను. మావయ్య ఓ బస్సుల షెడ్డులో మేస్త్రీ. ఆయన గోళ్ళ కింద గ్రీజు పెళ్ళిలో కూడా పోలేదని మా అత్తయ్య ఎప్పుడూ చెప్పేది. నేను చెప్పిందంతా విని, "మీ డ్రైవరు చూసుకుంటాడులేవే, నీకెందుకు?" అన్నాడు.

"ఆయన చూడరు మావయ్యా. అందుకే వచ్చాను."

"అయితే రాసుకో" అన్నాడు. పురుళ్ళ లెక్క రాసుకునే పుస్తకం తీసి, వెనక పేజీ తిప్పాను.

మావయ్య చదువు అయిదో క్లాసు. కానీ షెడ్డులో ఓ బస్సు బానెట్టెత్తి ఆయన చెప్పినట్టు నాకు నర్సింగు స్కూల్లో కూడా ఎవరూ చెప్పలేదు. "ఇదిగో, ఈ నల్లమూత డబ్బా డిస్ట్రిబ్యూటరు. సిలిండర్లకి ఎప్పుడు నిప్పంటించాలో చెప్పేది ఇదే, ఆ వేళనే టైమింగంటాం. పన్నెండింటికి అన్నం కావాలంటే పొయ్యి పన్నెండింటికి వెలిగిస్తామా? అరగంట ముందే వెలిగించాలి. ఇంజనూ అంతే. పిస్టను పైకి రాకముందే నిప్పు పడాలి. మరీ ముందు పడితే అన్నం మాడుతుంది. ఆ గలగల అదే. అప్పుడు హ్యాండిలు కూడా వెనక్కి తంతుంది, జాగ్రత్త. ఆలస్యంగా పడితే ఉడకదు, బండి ఈడుస్తుంది."

"మరి ముందు ఈడ్చిందీ, తర్వాత గలగలమందీ. రెండూ ఎలా వచ్చాయి?"

మావయ్య నన్ను కొత్తగా చూశాడు. కార్బురేటరు నుంచి డిస్ట్రిబ్యూటరుకి వెళ్ళే సన్న గొట్టం మీద వేలు పెట్టాడు. "నువ్వు తిన్నటి దారిలో నెమ్మదిగా పోతుంటావు. అప్పుడు ఇంజనులోకి పెట్రోలు పల్చగా వెళ్తుంది. తడి పుల్లల్లాగా అది నెమ్మదిగా అంటుకుంటుంది. తడి పుల్లలైతే ఏం చేస్తాం? పొయ్యి ఇంకా ముందే ముట్టిస్తాం. ఆ సంగతి డిస్ట్రిబ్యూటరుకి చెప్పేది ఈ గొట్టమే. ఇంజను పీల్చే గాలి దీన్లోంచి లాగుతుంది, లోపల పళ్ళెం కొంచెం జరిగి నిప్పు ముందు పడుతుంది. గట్టెక్కేటప్పుడు ఆ లాగుడు పోతుంది, పళ్ళెం వెనక్కొచ్చేస్తుంది. ఈ గొట్టం చిట్లితే తిన్నటి దారిలో బండి ఈడుస్తుంది. అది తెలీక ఎవడో ఈ డబ్బానే తిప్పి టైమింగు ముందుకి జరిపి ఉంటాడు. ఈడవడం తగ్గుతుంది, గట్టు ఎక్కేచోట మాడుతుంది." గొట్టం బాగుందో లేదో చూడాలంటే ఒక చివర ఊడదీసి నోటితో పీల్చాలనీ, లోపల పళ్ళెం టిక్కుమని జరగాలనీ చెప్పాడు. రెండు తీగలు కట్టిన చిన్న బల్బు ఒకటి ఇచ్చాడు. పుల్లీ చక్రం మీద గాటు ఇంజను మీది గుర్తుకి ఎదురుగా వచ్చిన క్షణాన ఆ బల్బు వెలగాలి, అదే లెక్క. నేను షెడ్డులో ఆగున్న బస్సు మీద సాయంత్రం దాకా, బల్బు సరిగ్గా గుర్తు దగ్గర వెలిగేదాకా, తిప్పి తిప్పి నేర్చుకున్నాను. అత్తయ్య నా చీర చూసి భోజనానికి పెరట్లో పీట వేసింది.

మర్నాడు పొద్దున్నే కేంద్రానికి వచ్చేసరికి మిలిటరీ బాబాయి అరుగు మీద కుడి మణికట్టు పట్టుకుని కూర్చుని ఉన్నారు. బూరెలా వాచింది. "హ్యాండిలు వెనక్కి తన్నిందమ్మా" అన్నారు. మావయ్య మాట ఇరవై నాలుగ్గంటల్లో రుజువైనందుకు నాకు లోపల్లోపల సంబరం. (గాయం చూసి సంబరపడ్డ నర్సుని నేనొక్కదాన్నేనేమో.) కట్టు కట్టి, "టైమింగు మరీ ముందుకెళ్ళింది. నేను సరిచేస్తాను" అని ప్రకటించాను. "అలాగేనండి" అని ఆయన కాలవ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ లెక్కలేనితనానికి ఒళ్ళు మండి బానెట్టు దబ్బున ఎత్తాను.

ఆడపిల్ల మోటారు విప్పుతోందని ఊళ్ళో తెలియడానికి ఎంతసేపు. పది నిమిషాల్లో పాతికమంది చేరారు. నేనెవరి వైపూ చూడలేదు. కొంగు బిగించి, కార్బురేటరు దగ్గర సన్నగొట్టం చివర ఊడదీసి, నోట్లో పెట్టుకుని బలంగా పీల్చాను. పెట్రోలు వాసన గుప్పున గొంతులోకి వచ్చింది గానీ పళ్ళెం జరగలేదు. మళ్ళీ పీల్చాను. దగ్గొచ్చింది. దగ్గు ఆపుకుని, బుగ్గలు లోపలికి పోయేలా ఇంకోసారి పీల్చాను. గుంపులో ఒక ముసలాయన, "ఆవిడ మోటారు చుట్ట కాలుస్తోందిరా" అన్నాడు. "పొగ రావటం లేదే" అని ఇంకొకరు. "దొరల చుట్ట. దానికి పొగుండదు" అని ముసలాయన తేల్చేశాడు. సరిగ్గా అప్పుడే ఆయమ్మ, నేను చేతులు కడుక్కోడానికని ఎనామెల్ బేసిను నిండా కిరసనాయిలు పట్టుకుని అరుగు మీదికొచ్చింది. నర్సమ్మగారి నోట్లో గొట్టం చూసి బేసిను వదిలేసింది. నాపరాయి మీద పడ్డ ఆ బేసిను మోత కాలవ అవతలికి వినపడి ఉంటుంది. కోళ్ళు ఇంటి కప్పెక్కాయి. పాతికమందీ ఎగిరిపడ్డారు. ముసలాయన పక్కవాడి భుజం మీద పడ్డాడు. బేసిను పడింది మిలిటరీ బాబాయి వీపు వెనక మూరెడు దూరంలో. ఆయన కదల్లేదు. ఉలిక్కిపడలేదు, తల తిప్పలేదు. కాలవలో పోతున్న ధాన్యం పడవని చూస్తూ మీసం సవరించుకుంటున్నారు. కిరసనాయిలు కాలికి తగిలాక మాత్రం ఇదెక్కడిదన్నట్టు కిందికి చూశారు.

నా నోట్లో గొట్టం అలాగే ఉండిపోయింది. కోడూరు, నాగాయలంక, బాలింత ఇల్లు, బండి బంగారం, అన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. బడి పిల్లల చెవులు నెలకోసారి పరీక్ష చేసి రిజిస్టరులో రాసేదాన్ని నేను. ఎనిమిది నెలలకి పైగా రోజూ పక్కన కూర్చున్న మనిషికి వినపడదని తెలుసుకోలేకపోయాను. 'ఇన్‌సబార్డినేషన్' కింద గీత గీసి పంపి అప్పటికి పది రోజులు.

గుంపుని వెళ్ళగొట్టి, ఆయన ఎదురుగా వచ్చి కూర్చుని, నెమ్మదిగా అడిగాను. "బాబాయిగారూ, మీకు వినపడదు కదండీ?"

ఆయన నా పెదవుల్ని చూశారు. "ఎడమది బర్మాలోనే పోయిందమ్మా. కుడిది కొంచెం మిగిలింది. ఈ ఏడాది అదీ పోయింది. ఎదురుగా మాట్లాడితే మొహం చూసి పోల్చుకుంటాను. స్టీరింగు ముందు కూర్చుంటే రోడ్డే చూడాలిగా."

"మరి టైమింగు ఎలా పెట్టారు?"

"ఎప్పుడూ చెవితోనే పెట్టేవాణ్ణి. గోలీల చప్పుడు వచ్చేదాకా ముందుకి తిప్పి, రవ్వంత వెనక్కి తెచ్చేవాణ్ణి. బండి ఈడుస్తుంటే ఈసారీ అలాగే తిప్పాను. చప్పుడు రాలేదు. ఇంకొంచెం తిప్పాను. అయినా రాలేదు." కట్టు కట్టిన చెయ్యి చూసుకున్నారు. "ఇంజను ఎలా ఉందో స్టీరింగులో చేతికి తెలుస్తుందమ్మా. ఆ చప్పుడొక్కటే చేతికి రాదు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోగా పోస్టుమాన్ వచ్చాడు. శుక్రవారం నాడు ఆఫీసరుగారు వర్క్‌షాపు ఫోర్‌మన్‌తో సహా వచ్చి బండినీ డ్రైవరునీ తనిఖీ చేస్తారని ఆ కవర్లో ఉంది. అప్పటికి నాలుగు రోజుల గడువు. నా ఉత్తరం వెనక్కి తీసుకోవడం కుదరదు. బండి బాగుండాలి, డ్రైవరు మాట వినాలి. ఈ రెండూ శుక్రవారం లోపల జరిగి తీరాలనుకున్నాను. కానీ ఫిర్యాదు సంగతి ఆయనతో అనడానికి నోరు రాలేదు. "తనిఖీ ఉందట, పని మొదలుపెడదాం" అని మాత్రం అన్నాను.

ముందు గొట్టం. దాన్ని డిస్ట్రిబ్యూటరుకి తగిలించే చోట రబ్బరు ముక్క ఉప్పుగాలికి ఎండి పగిలింది. అక్కడే నోరు పెట్టి పీలిస్తే పళ్ళెం టిక్కుమని జరిగింది, అంటే లోపల బాగానే ఉంది. కొత్త రబ్బరు కోసం బందరు వెళ్ళే వ్యవధి లేదు. మందపాటి గొట్టం కావాలి, పల్చనిదైతే ఆ లాగుడికి అతుక్కుపోతుంది. గదంతా వెతికి చివరికి నా స్టెతస్కోపు తీసి, కింద గొట్టం రెండంగుళాలు కత్తిరించాను. అది అతికినట్టు సరిపోయింది. తర్వాత బల్బు. హ్యాండిలు ఆయన ఎడమ చేత్తో తిప్పారు, గాటు నేను చూశాను. "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అని నేను చెయ్యి ఊపుతుంటే ఆయన డిస్ట్రిబ్యూటరుని వెంట్రుకవాసి తిప్పారు. బల్బు వెలిగింది. దీపారాధన చేసినప్పుడు కూడా అంత భక్తిగా దీపం వైపు చూడలేదు నేను.

అక్కడితో అయిపోలేదు. గట్టు ఎక్కి చూడాలి. దివిసీమలో కొండలు లేవు, ఉన్నదల్లా ఆ గట్టొక్కటే. బండి గట్టెక్కుతుంటే నేను కిటికీలోంచి తల బయటపెట్టి వినేదాన్ని. గలగల వినపడితే చెయ్యెత్తేదాన్ని. ఆయన బండి ఆపి, దిగి, రవ్వంత వెనక్కి తిప్పేవారు. మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కి. మరీ వెనక్కి వెళ్తే ఈడ్చేది, అది నాకంటే ముందు ఆయన చేతికే తెలిసేది, తల అడ్డంగా ఊపేవారు. మూడు రోజులు అదే పని. "నర్సమ్మకి గట్టెక్కే మొక్కేదో ఉన్నట్టుంది" అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. గురువారం పొద్దుగూకే వేళకి సీమ వ్యాను మూడో గేరులో, నోరెత్తకుండా గట్టెక్కింది. ఆయన నా వైపు చూశారు. నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యెత్తలేదని చూసి ఆయన మీసం కింద నవ్వారు. ఆ నవ్వు చూడటం నాకదే మొదటిసారి.

ఇక మాట వినడం సంగతి. ముందు సీట్లో ఆఫీసరుగారు కూర్చుంటారు, నేను వెనక బల్ల మీద. అందుకని గొడుగు వాడదామనుకున్నాం. డ్రైవరు వీపులో గొడుగు మొనతో ఒక పోటు పొడిస్తే ఆపాలి. రెండు పొడిస్తే "అలాగేనండి" అనాలి.

శుక్రవారం వచ్చారు. ఆఫీసరుగారిది భారీ విగ్రహం, చంకలో ఫైలు. ఫోర్‌మన్ గారు బక్కపల్చటి మనిషి, చెవిలో పెన్సిలు. ఫోర్‌మన్ బానెట్టెత్తి పావుగంట చూశారు. తన దగ్గరున్న బల్బుతో కొలిచి, "టైమింగు ఎవరు పెట్టారు?" అన్నారు. "డ్రైవరుగారేనండి" అన్నాను. సన్నగొట్టం దగ్గర వేలు ఆగింది. "ఈ రబ్బరు ఎక్కడిదమ్మా?" "మా దగ్గరున్నదేనండి." ఆయన తలెత్తి నా మెడలో స్టెతస్కోపు వైపు చూశారు. రెండంగుళాలు పొట్టిదై అది నా గుండెల దాకా కూడా వేలాడటం లేదు. పెన్సిలుతో చెవి వెనక గోక్కున్నారు.

బండి బయల్దేరింది. "నెమ్మదిగా పోనీ" అన్నారు ఆఫీసరుగారు. రెండు పోట్లు. "అలాగేనండి." ఆయన తృప్తిపడ్డారు. కాస్త దూరం పోయాక ఫైలు తెరిచి, "నీ మీద ఫిర్యాదొచ్చింది, తెలుసా?" అన్నారు. నా చెయ్యి గొడుగు మీద బిగుసుకుపోయింది. దీనికి ఏం జవాబు చెప్పించాలో మేం అనుకోలేదు. ఇంతలో బండి గుంతలో పడి లేచింది, గొడుగు దానంతటదే రెండుసార్లు పొడిచింది. "అలాగేనండి" అన్నారు బాబాయి, ఎంతో మర్యాదగా. ఆఫీసరుగారు ఫైల్లో పేజీ తిప్పారు. "నువ్వు చెప్పిన మాట వినవని రాశారు." మళ్ళీ గుంత. "అలాగేనండి." ఎదురు చెప్పని మనిషిని ఆయన తన సర్వీసులో చూసి ఉండరు, గొంతు మెత్తబడింది. "సర్లే, ఇకనుంచైనా ఆ అమ్మాయి చెప్పినట్టు విను." ఈసారి నేనే రెండు పొడవబోయాను, గట్టుకి తిరిగే మలుపులో చెయ్యి జారి ఒక్కటే పడింది. బండి కీచుమని ఆగింది. ఫైలు ఆఫీసరుగారి ఒళ్ళోంచి కిందికి జారింది. "ఎందుకాపావోయ్?" అని ఆయన మొహం బాబాయి వైపు తిప్పారు. మొహం కనపడగానే బాబాయికి మాట అందింది. "గట్టెక్కే ముందు రేడియేటరు మీకు చూపిద్దామనండి" అని దిగి మూత విప్పారు. మరగడం కాదు కదా, ఆవిరి కూడా లేదు. తర్వాత వ్యాను గట్టెక్కింది, ఒక్క గోలీ చప్పుడైనా లేకుండా.

నా పక్కన కూర్చున్న ఫోర్‌మన్ గారు ఇంతసేపూ నా గొడుగునే చూస్తున్నారు. నాకు మాత్రమే వినపడేలా, "ఏ చెవమ్మా?" అన్నారు.

"రెండూనండి" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

"సమ్మెటల మధ్య ముప్పై ఏళ్ళు పనిచేశాను. మా షెడ్డులో సగంమందికి నేను సైగ చేస్తేనే తెలుస్తుంది" అని, పెన్సిలు తీసి కాగితం మీద బండి బాగున్నట్టు రాశారు. ఆపైన, "ముందు సీట్లో నువ్వే కూర్చోవాలి. అయినా ఈయన్ని ఎక్కువ కాలం తోలనివ్వద్దు" అన్నారు.

దిగాక ఆఫీసరుగారు నన్ను పక్కకి పిలిచారు. "ఇంత వినయమైన మనిషి మీద అలా ఎలా రాశారమ్మా మీరు? తండ్రి వయసువాడు." "తొందరపడ్డానండి" అన్నాను. అకారణంగా ఫిర్యాదు చేసినందుకు నాకు మెమో వచ్చింది. నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో అదొక్కటే మెమో, దాన్ని అందుకున్నంత సంతోషంగా ప్రమోషను కాగితం కూడా అందుకోలేదు.

మర్నాడే బెస్తపల్లెకి వెళ్ళాం. ఆ చూలాలికి రక్తపోటు ఎక్కువే ఉంది. ఉప్పు తగ్గించమని చెప్పి, వ్యానులో అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్ళి చేర్పించే ఏర్పాటు చేశాం. (నెల తర్వాత ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం.) ఆమె సామాను సర్దుకునేలోగా వాళ్ళ అవ్వ నా చేతిలో ఒక చుట్ట పెట్టి, "తాగమ్మా, సిగ్గెందుకు. నువ్వు మోటారుదే తాగుతావంట కదా" అంది. వద్దనలేక పుచ్చుకుని, బయట ఇసకలో వ్యానుకి ఆనుకుని నిలబడ్డ బాబాయికి ఇచ్చాను. ఆయన వెలిగించుకున్నారు. ఎదురుగా నిలబడి, మొహం కనపడేలా, "ఆ ఫిర్యాదు రాసింది నేనేనండీ" అన్నాను.

"తెలుసమ్మా" అన్నారు. "ఆ కవరు టపాలో వేయమని నా చేతికేగా ఇచ్చారు. మీరు దాన్ని అంటిస్తూ కొట్టిన దెబ్బ చూశాను."

నాకది గుర్తే లేదు. "మరి చింపెయ్యలేదేం?"

"నాలుగు రోజులు జేబులోనే పెట్టుకు తిరిగాను. తర్వాత వేశాను." చుట్ట బూడిద రాల్చి సముద్రం వైపు చూశారు. "మనుషుల్ని ఎక్కించుకుని తిరిగేవాణ్ణి కదమ్మా. నా అంతట నేను చెప్పుకోలేను, ఎవరో ఒకరు పట్టుకుంటే బాగుండుననిపించింది."

ఆ వేసవికి ఆయనే అర్జీ పెట్టుకుని బందరులో స్టోర్సు కాపలాకి మారిపోయారు. ఆ నాలుగైదు నెలలూ నేను ముందు సీట్లోనే కూర్చున్నాను, ఎదురొచ్చే ప్రతి బండికీ గేదెకీ ఆయన భుజం తట్టాను. తప్పు చేశామేమో అని ఇప్పుడు ఆలోచిస్తే భయమేస్తుంది, అప్పుడు మాత్రం భయమన్నది తోచలేదు. ఆయన తర్వాత వచ్చిన కుర్ర డ్రైవరుకి అన్నీ వినపడేవి, అన్నిటికీ జవాబు చెప్పేవాడు. అతనికి టైమింగు పెట్టడం నేనే నేర్పాను. తర్వాత నన్ను ముదినేపల్లి బదిలీ చేశారు, అక్కడ వ్యాను లేదు, సైకిలిచ్చారు.

మనవలకి ఈ కథ చాలాసార్లు చెప్పాను. గొట్టం పీల్చడం చెబుతాను, గొడుగు పోట్లు చెబుతాను, వాళ్ళు పడీ పడీ నవ్వుతారు. ఫోర్‌మన్ కాగితం రాసిన చోట ఆపేస్తాను. బాబాయి ఆ కవరు జేబులో పెట్టుకుని నాలుగు రోజులు వ్యాను తోలిన సంగతీ, ఆ నాలుగు రోజులూ నేనాయన పక్కనే కూర్చుని మొహం తిప్పుకున్న సంగతీ ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకో ఈసారి రాయాలనిపించింది. ఇరవై మూడేళ్ళ ఆ పిల్ల ఇప్పుడు ఈ గదిలోకొచ్చి కూర్చుంటే నాలుగు చివాట్లు పెడదామనే ఉంటుంది నాకు. కానీ నా మాట వినే ఓపిక దానికెక్కడిది. బయట ఏదో బండి ఇంజను తేడాగా కొట్టుకోవడం వినపడుతుంది, కొంగు బిగించుకుని లేచి వెళ్ళిపోతుంది.